బుగ్గ ఎక్కెటోని పెండ్లాం

మా ఆయనకు 'వద్దు' అనడం వచ్చేది కాదు. ఇదేదో మెచ్చుకోలు అనుకునేరు, కాదు. అది ఆయనకున్న రోగం. వాకిట్లోకి వచ్చి ఎవరు ఏది అడిగినా ఇచ్చేసేవాడు, ఎక్కడికి రమ్మన్నా పోయేవాడు. ఒకసారి పక్కింటి మనిషి నిచ్చెన కావాలని కేకేస్తే, తాను మిద్దె మీద ఉన్న సంగతి మరిచిపోయి "తీస్కపో భాయ్" అన్నాడు. పొద్దుగూకేదాకా అక్కడే కూర్చున్నాడు. కింద నిలబడి నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. నవ్వుతూ విన్నాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది, లోపలెక్కడో భయమూ వేసేది. కాదనలేని మనిషిని లోకం ఎక్కడిదాకా లాక్కుపోతుందో ఎవరికి తెలుసు?

పాతబస్తీలో గాజుల దుకాణాల వెనక సందులో మా ఇల్లు. ఆయన డేరాలు కుట్టే కార్ఖానాలో పనిచేసేవాడు. నవాబుల దేవిడీల్లో, ఆ పెద్ద పెద్ద బంగళాల్లో, పెళ్లి జరిగితే షామియానాలు, పరదాలు అక్కడినుంచే పోయేవి. నేను కాపురానికి రాకముందే ఎక్కడినుంచో ఒక దొర వచ్చి, మూసీ అవతల మైదానంలో, పొగ నింపిన పెద్ద గుడ్డసంచికి వేలాడి ఆకాశంలోకి పోయాడట. ఆ సంచి చిరిగితే కుట్టడానికి కార్ఖానా వాళ్లు ఈయన్ను పంపారు. దొరతో పాటు ఊళ్లు కూడా తిరిగాడు. దొర వెళ్లిపోయేనాటికి ఆ సంచి కోత, కుట్టు, తాళ్లు కట్టే తీరు అన్నీ ఈయన చేతికి వచ్చేశాయి. ఆ తర్వాత తనకంటూ ఒకటి కుట్టుకున్నాడు. నాకు తెలిసి మా పేటల్లో ఆ పనికి పూనుకున్న మొదటి మనిషి ఆయనే.

ఉర్దూ మాట్లాడేవాళ్లు దాన్ని గుబ్బారా అనేవారు, తెలుగువాళ్లం బుగ్గ అనేవాళ్లం. పెళ్లయి వచ్చిన వారానికే నాకు 'బుగ్గ ఎక్కెటోని పెండ్లాం' అని పేరు పడిపోయింది. మొదట్లో ముద్దుగానే అనేవారు.

ఆ బుగ్గ మా మధ్య అర్రలో సగం ఆక్రమించుకుని పడి ఉండేది. మడతపెట్టి చాప చుట్టినా నా నడుము ఎత్తుండేది. దాన్ని దాటే లోపలికీ బయటికీ తిరగాలి. పైగా దానికి మేత కావాలి. గుడ్డకు సందులుంటాయి, ఆ సందుల్లోంచి పొగ పోతుంది. అవి పూడాలంటే గంజి పట్టించాలి. గంజిలో పటిక కలపాలి, పటిక ఉంటే నిప్పురవ్వ పడినా గుడ్డ తొందరగా అంటుకోదట. ఒక్కసారి ఎగిరి వస్తే ఆ గంజంతా పగిలి రాలిపోయేది, మళ్లీ మొదలు. మా అత్తమ్మా నేనూ పెండ్లి వంటలకు వాడే దేగిసల్లో గంజి కాచేవాళ్లం. పులిసిన గంజి వాసన మా చీరలకు, జుట్టుకు, తినే అన్నానికి పట్టేది. మనుషులకు బియ్యం తక్కువైన రోజులున్నాయి గాని, బుగ్గకు గంజి తక్కువైన రోజు లేదు.

"నాకు ఇద్దరు కోడండ్లు," అనేది మా అత్తమ్మ. "ఒగతి తింటది, ఒగతి తాగుతది."

మా అత్తమ్మ ఏడ్చే మనిషి కాదు. దుఃఖమొస్తే తిట్టేది. మొగుడు పోయిన రోజున కూడా "నన్ను అన్యాలం జేసి పోయినవ్ రా" అని శవాన్ని తిట్టిందట గాని, కంట తడి పెట్టలేదట. కోపం పట్టుకుని నిలబడ్డ మనిషి ఆమె. నా నోరు కూడా పెద్దదే కాబట్టి మా ఇద్దరికీ బాగానే కుదిరింది.

జర్మనీతో యుద్ధం మొదలయ్యాక గుడ్డ దొరకడం కష్టమైంది. అదే సమయంలో పాత సంచి పొగకు మాడి, వేలితో పొడిస్తే చిరిగే స్థితికి వచ్చింది. కొత్త గుడ్డకు ఆయనతో పాటు నేనూ బజారుకు పోయాను. ఆయన వాడేది లట్టా, గట్టి నేత తెల్లగుడ్డ. ఉన్న తాన్లన్నీ కావాలని ఆయన అనగానే దుకాణం ముసలాయన గజంబద్ద పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"ఘర్ మే కౌన్ గుజర్ గయే బేటా?" అని మెల్లగా అడిగాడు.

ఇంట్లో ఎవరు పోయారని అడుగుతున్నాడు. ఆ బజార్లో అంత లట్టా కొనేది కఫన్ కోసమే, చనిపోయినవాళ్లకు చుట్టడానికే. మా ఆయన నవ్వి, "కోయీ నై చచ్చా, గుబ్బారే కే వాస్తే" అన్నాడు, ఎవరూ పోలేదు, గుబ్బారా కోసమని. ముసలాయన నవ్వలేదు. తాన్లు కట్టి ఇచ్చేటప్పుడు పెదాల మీద ఏదో చదువుకున్నాడు. ఆ తాన్లు నేను ముట్టుకోలేదు.

దారి పొడవునా దెబ్బలాడాను. వేరే గుడ్డ తియ్యమన్నాను.

"గుడ్డకేం ఎరుకనే, దేనికి కుడ్తున్నమో?" అన్నాడు.

"గుడ్డకు ఎరుక లేకున్నా నాకున్నది."

"నువ్వు ఉట్టిగనే ఫికర్ జేస్తవ్."

నేనేమీ ఉత్తినే దిగులు పడలేదు. ఆ పని ఎట్లా చేస్తారో ఒకసారి వింటే ఎవరికైనా తెలుస్తుంది. నేలలో పొడుగ్గా కందకం తవ్వి, పైన రేకులు మూసి, ఒక చివర గడ్డి, కట్టెలు వేసి మంట పెడతారు. రెండో చివర పొగ బయటికొచ్చే చోట సంచి మూతి పెడతారు. రెండు గుంజల మధ్య వేలాడదీసిన సంచి వేడి పొగతో మెల్లగా ఉబ్బుతుంది. చుట్టూ మనుషులు తాళ్లు పట్టుకుని గుంజి పెడతారు. సంచి కింద ఉయ్యాల చెక్క లాంటిది ఉంటుంది, దాని మీద కూర్చుని నడుముకు పటకా బిగించుకుంటాడు ఈయన. అందరూ ఒక్కసారి వదిలితే పైకి పోతుంది. పొగ చల్లారితే కిందికి వస్తుంది. ఎక్కడికి వస్తుందో గాలి దయ.

తాళ్లు పట్టేవాళ్లలో సగం మంది కార్వాన్ పేట బండ్లవాళ్లు, తెలుగువాళ్లు. మిగతావాళ్లు మా సందు చివరి తాలీంలో కుస్తీ పట్టే, దక్కనీ ఉర్దూ మాట్లాడే పిల్లలు. వాళ్ల ఉస్తాదే అందరికీ పెద్ద. రెండు భాషలవాళ్లకూ తెలిసిన మాట కావాలని, తాళ్లు వదలండి అనడానికి 'ఛోడో' అని పెట్టుకున్నారు. ఒకడు ముందు, ఒకడు వెనక వదిలితే సంచి మంట మీదికి ఒరుగుతుంది. అందుకని ఉస్తాదు వాళ్ల చేత ఉత్త తాళ్లతో సాధన చేయించేవాడు. "సున్తేచ్ ఛోడ్ దేనా, సోంచ్నా నై" అని మా వాకిట్లోకే వినబడేలా అరిచేవాడు. చెవిన పడగానే వదిలెయ్యాలి, ఆలోచించకూడదు. వాళ్లు బాగా నేర్చుకున్నారు.

మొదటి ఏళ్లలో సరదాగానే గడిచింది, అబద్ధమెందుకు చెప్పాలి. ఒకసారి ఒక దేవిడీ జనానా వాకిట్లో దిగాడు, పరదా ఆడవాళ్ల మధ్య. ఒక ముసలి దాసి వచ్చి చెయ్యి పట్టుకుని వీధి గుమ్మం దాకా నడిపించేవరకు కళ్లు తెరవలేదట. "తెర్వలేదని నేను నమ్మాల్నా?" అని చాలా రోజులు ఏడిపించాను. ఇంకోసారి ఉప్పుగూడ స్టేషన్ అవతల జామతోటలో పడి, ఒళ్లంతా గీరుకుపోయి, పై పంచె నిండా జామకాయలతో వచ్చాడు.

"పైన ఏముంటది?" అని అడిగాను ఆ రోజు.

"ఏమీ ఉండది. సప్పుడే ఉండది. కుక్క మొరిగితే ఇనొస్తది గని, మనుషులు ఏమంటున్నరో తెల్వది."

ఆ మాట నాకు నచ్చలేదు. జామకాయ తినబుద్ధి కాలేదు.

ఆ తర్వాత బొంబాయి నుంచి వచ్చిన ఒక డేరాల వ్యాపారి కార్ఖానాలో చెప్పాడు, ఆ దొర సముద్రంలో పడి చచ్చిపోయాడని. శవం కూడా దొరకలేదట. మా ఆయన ఆ వేళ పని ఆపలేదు. ఇంటికొచ్చి నాకు చెప్పి, బుగ్గ ముందేసుకుని కుడుతూనే కూర్చున్నాడు. మర్నాడు చూసుకుంటే కుట్లన్నీ వంకర. అవన్నీ విప్పి మళ్లీ కుట్టాడు. దొర ఊసు మళ్లీ ఎత్తలేదు.

అప్పటినుంచి ఇంట్లో గాలి మారింది. ఆయనకు దగ్గు పట్టుకుంది, ఉమ్మితే నల్లగా పడేది. దిగేటప్పుడు మడమ విరిగి, అతికిన తర్వాత కూడా కుంటేవాడు. అమ్మలక్కలు నన్ను చూసి మాటలు ఆపేవారు. 'బుగ్గ ఎక్కెటోని పెండ్లాం' అనే మాటే ఉండేది గాని, అందులో ముద్దు పోయింది. పేరంటానికి బొట్టు పెట్టేటప్పుడు ఒక ముసలమ్మ నా నుదుటిని కాస్త ఎక్కువసేపు చూసింది. చెంప పగలగొడదామనిపించింది. బొట్టు పెట్టించుకుని వచ్చేశాను.

అప్పటికి మాకు ఒక ఆడపిల్ల. మళ్లీ కడుపుతో ఉన్నాను. వానలు మొదలయ్యే మిరుగు కార్తె రాబోతుండగా, ఒక దేవిడీ వ్యవహారాలు చూసే పెద్దమనిషి మా గుమ్మంలోకి వచ్చాడు. ఆ ఇంటి పిల్లవాడికి బిస్మిల్లా చేస్తున్నారు, మన అక్షరాభ్యాసం లాంటి పండుగ. ఆ రోజు కార్వాన్ అవతల ఏటి ఒడ్డు మైదానంలో గుబ్బారా ఎగరాలి. మా ఆయన తలుపు దగ్గర నిలబడి "జీ హుజూర్" అన్నాడు. లోపలినుంచి నేను విన్నాను.

ఆయన లోపలికి రాగానే పట్టుకున్నాను.

"ఇవి గాలి దినాలు. పోయి వద్దని చెప్పి రా."

"మాట ఇచ్చిన గదనే."

"పెండ్లినాడు నాకు గూడ ఇచ్చినవ్."

"గిదొక్కటి."

"పోయినపారి గూడ గిదొక్కటి అనే అన్నవ్. నాకు నీ పేరొద్దు, నీ ఇనాములొద్దు. ఒక్కపారి ఎవ్వలకన్న, దేనికన్న, వద్దు అను. అంటే నేను సచ్చేదాక నిన్ను ఒక్కమాట అన."

ఆయన పోయి, మడతపెట్టి ఉన్న బుగ్గ మీద చెయ్యి వేశాడు.

"నాకు ఆ మాట నోట్లెకెల్లి రాదే," అన్నాడు. "నువ్వనుకుంటున్నవ్ నాకు భయం లేదని. మస్తున్నది. గని రాదు."

నవ్వలేదు. ఆయనకు భయముందని నాకు ఆ రోజే తెలిసింది. అంతవరకు నేను ఒక్కదాన్నే భయపడుతున్నాననుకుని కోపంగా ఉండేదాన్ని. ఇద్దరం భయపడుతున్నామని తెలిశాక ఆ కోపం ఏమైందో నాకే తెలియదు, ఆయన పక్కన కూలబడ్డాను. గోడవతల నుంచి అత్తమ్మ, "కన్న తల్లి మాటే ఇనలేదు, నీ మాట ఇంటడా" అని ఇద్దరినీ కలిపి తిట్టింది.

బిస్మిల్లా రోజు పొద్దున బుగ్గ విప్పితే అడుగు మడతల్లో ఎలుకలు కొట్టి ఉన్నాయి. గంజి తీపికి వస్తాయవి. పిడికిలి దూరే చిల్లులు. అత్తమ్మ చూసి చీపురు కిందేసింది. "సూసినవారా, అది గూడ వద్దంటున్నది" అంది. ఆయన సూది తీసుకుని మాసికలు వేశాడు. నేను గంజి పూశాను. ఆరడానికి సరిగ్గా ఎండ కూడా లేదు, మబ్బు కమ్మి ఉంది. తడి మాసికలతోనే బండికెక్కించారు.

నేనెప్పుడూ మైదానానికి పోయేదాన్ని కాదు. ఆ రోజు పోయాను. పిల్లను అత్తమ్మకిచ్చి, బండి వెనక నడిచాను. వద్దన్నవాళ్లు లేరు.

మైదానమంతా జనం. ఒక వైపు దేవిడీ పెద్దలు షామియానా కింద కూర్చున్నారు, అది కూడా ఆయన కుట్టిందే. మర్ఫా వాళ్లు డోళ్లు అందుకున్నారు. గాలి ఒక తీరుగా లేదు. ఆగేది, అందరూ అమ్మయ్య అనుకునేలోపు ఏటి వైపు నుంచి ఒక తోపు తోసేది. షామియానా గుంజలు కిర్రుమనేవి. గద్దలు మంట దగ్గర లేచిన పురుగుల కోసం కిందికి దిగి తిరుగుతున్నాయి. ఉస్తాదు ముఖం చూశాను, ఆయనా ఆకాశం వైపే చూస్తున్నాడు.

సంచి ముప్పాతిక ఉబ్బింది. ఆయన చెక్క మీద కూర్చుని పటకా బిగించుకున్నాడు. అప్పుడు గాలి ఇంకో తోపు తోసింది, సంచి పక్కకు ఒరిగి మళ్లీ నిలబడింది. తాళ్లవాళ్లు వెనక్కి వాలి బూతులు తిట్టారు. పొద్దున నేను గంజి పూసిన మాసిక దగ్గర సన్నగా పొగ బయటికి వస్తూ కనిపించింది. నేను తాళ్ల కిందుగా లోపలికి పోయాను. కడుపుతో ఉన్న ఆడమనిషిని ఎవరు ఆపుతారు?

"దిగయ్యా," అన్నాను. "అటు సూడు, మాసిక ఊడుతున్నది."

ఆయన తలెత్తి పొగను చూశాడు. షామియానా వైపు చూశాడు, అక్కడ ఆ పెద్దమనిషి కానివ్వమని చెయ్యి ఊపుతున్నాడు. తర్వాత నన్ను చూశాడు.

"తియ్యి," అన్నాడు. "వద్దు."

చెవులు నమ్మలేక "ఏందీ?" అన్నాను.

"ఇయ్యాల వద్దంటున్న. ఇనొస్తలేదా?"

మొదటిసారి మాట వచ్చిన పిల్లాడిలా ఆయనకే ఆశ్చర్యంగా ఉన్నట్టుంది, నవ్వాడు. ఒక చేత్తో పటకా విప్పుకోబోయాడు. నాకు ఆ క్షణం ఎంత సంతోషమైందంటే, చుట్టూ జనం ఉన్నారన్న సిగ్గు కూడా లేకుండా ఆయన మోకాలు పట్టుకున్నాను.

గాలి మళ్లీ తోసింది. తాళ్లు సడలాయి. ఈసారి కుస్తీ పిల్లల్లో ఒకడి పట్టు జారుతున్నట్టు కనిపించింది. ఆయన పటకా విప్పడం ఆపి, ఉస్తాదు వైపు తిరిగి, డోళ్ల మీదుగా వినబడేలా గొంతు చించుకుని అరిచాడు.

"ఛోడో నక్కో."

వదలొద్దు అని. మా పాతబస్తీ మాటలో అంతే. పని ముందొస్తుంది, నక్కో తర్వాతొస్తుంది. తెలుగులో అరిచి ఉంటే మాత్రం? 'వదల' అన్నాకే కదా 'వద్దు' అనాలి. ఏ భాషలో అరిచినా మా నాలుకల మీద కాదనడం చివరికే వస్తుంది. పట్టుకోండి అనొచ్చు కదా అని చాలామంది తర్వాత అన్నారు. అనొచ్చు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వద్దనడం నేర్చుకున్న మనిషి, ఆ నిమిషంలో వద్దనే అంటాడు.

వాళ్ల చెవిన మొదటి మాట పడింది. రెండో మాట వచ్చేసరికి తాళ్లు వాళ్ల చేతుల్లో లేవు. ఉస్తాదు నేర్పింది నేర్పినట్టు, అంతా ఒక్కసారే, ఆలోచించకుండా వదిలారు.

ఆయన మోకాలు నా చేతుల్లోంచి పైకి పోయింది. పట్టుకోవడానికి ఎగిరాను, చెక్క అంచు భుజానికి తగిలి కింద పడ్డాను. లేచేసరికి ఆయన గుంజల కంటే ఎత్తులో ఉన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. వాళ్లకేం తెలుసు? తమాషా మొదలైందనుకున్నారు. మర్ఫా వాళ్లు వేగం పెంచారు, షామియానా కింద పిల్లలు కుర్చీలెక్కారు. ఆ మైదానం మొత్తంలో ఆయన ఎగరడానికి ఇష్టపడలేదని తెలిసినవాళ్లం ఇద్దరమే, ఉస్తాదూ నేనూ. ఉస్తాదు టోపీ తీసి రెండు చేతులతో తల కొట్టుకుంటున్నాడు. నేను పైకి చూసి అరుస్తున్నాను. ఏమని అరిచానో గుర్తు లేదు.

ఎక్కువ ఎత్తు పోలేదు. మాసిక ఊడిపోయింది, పొగ ఆ సందులోంచి తాడులా సాగింది. గాలి దాన్ని ఏటి వైపు ఈడ్చింది. సంచి ఒక పక్క చప్పబడి, ముడుచుకుని, బండలున్న చోట మూసీలో పడింది. నేను పరుగెత్తాను. కడుపులో బిడ్డ ఉందని దారిలో ఎవరో గుర్తు చేశారు.

ప్రాణంతోనే దొరికాడు. ఏటి ఒడ్డు పెద్ద దవాఖానాలో కొన్నాళ్లున్నాడు. నడుము కింద ఏమీ తెలిసేది కాదు.  ఒక మధ్యాహ్నం నా వైపు తల తిప్పాడు.

"నేను వద్దనే అన్న గదా?"

"అన్నవ్."

"నువ్విన్నవా?"

"నేనిన్న."

చాలన్నట్టు కళ్లు మూసుకున్నాడు. ఆ వారంలోనే పోయాడు.

పలకరింపుకు వచ్చినవాళ్లందరిదీ ఒకటే పాట. మొండి మనిషి, ఆకాశం పిచ్చి, పెండ్లాం మొత్తుకున్నా వినలేదు. అది నన్ను మెచ్చుకోవడమనుకున్నారు. "నువ్వు ఎంత జెప్పినవ్ బిడ్డా, ఇన్నడా?" అని నా వీపు నిమిరారు. అత్తమ్మ గోడకు ఆనుకుని కూర్చుని వాళ్లతో కలిసి తిట్టేది. "నా కడుపుల చెడబుట్టినోడు. తల్లి లేదు, పెండ్లాం లేదు, పిల్ల లేదు వానికి. పోతనంటె పోయిండు" అని. తిట్టి, లేచి, నాకు అన్నం పెట్టేది. కంట నీరు లేదు. ఆమె అట్లా తిడుతున్నంతసేపు ఇల్లు నడిచింది.

కడుపులో బిడ్డను మోస్తూ నేను కొన్నాళ్లు ఓర్చుకున్నాను. నా గుణానికి అదే ఎక్కువ. ఒక రోజు ఆమె మా పిల్లకు జడ వేస్తూ, "మీ నాయిన మనల వద్దనుకున్నడు బిడ్డా" అంది. ఆ మాట మాత్రం నేను భరించలేకపోయాను.

"అనుకోలే అత్తమ్మా," అన్నాను. "దిగుతనన్నడు. వద్దన్నడు. పటకా గూడ ఇప్పుకుంటుండె. తాళ్లోళ్లకు సగం మాటే ఇనొచ్చింది."

ఆమె చేతులు జడలోనే ఆగిపోయాయి.

"నా కొడుకు వద్దన్నడా?"

"నా ముంగట్నే అన్నడు. రెండుపార్లు అన్నడు."

అప్పటిదాకా కొడుకు మీది కోపాన్ని పట్టుకుని నిలబడ్డ మనిషి. అది తీసేసుకుంటే ఆమెకు పట్టుకోవడానికి ఏమీ లేదు. పిల్ల జడ వదిలేసి, ముందుకు ఒరిగి, నేల మీద నుదురు పెట్టి ఏడ్చింది. ఆమె ఏడుపు ఎట్లా ఉంటుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. పిల్ల జడుసుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. నేను పిల్లను ఎత్తుకుని అక్కడే కూర్చున్నాను, ఊరుకోమని అనలేదు.